కాలేజీ మిర్రర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి, దేన్ని వద్దనాలి?

మీరు అడిగింది నాకు ఇలా అర్థమైంది. మీది ఇంజనీరింగ్ కాలేజీ. ఉన్న సర్వర్‌కి 8 టీబీ డిస్కులు పెట్టారు, 1 జీబీపీఎస్ లింకు ఉంది. ఐఐటీల్లో ఉన్నట్టు మనకీ ఒక మిర్రర్, అంటే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల అసలు సర్వర్లలో ఉన్నదానికి ఎప్పటికప్పుడు తాజాగా ఉంచే కాపీ, ఉండాలని ప్రిన్సిపాల్ గారు పట్టుబట్టారు. ఏం కావాలో చెప్పమని పిల్లల్ని అడిగితే ఉబుంటు, డెబియన్, ఫెడోరా, ఆర్చ్ లాంటి డిస్ట్రోలు (లైనక్స్ రకాలు), పైపీఐ (పైథాన్ ప్యాకేజీల నిల్వ) మొత్తం, అనకొండ (డేటా సైన్స్ టూల్స్ మూట), డాకర్ ఇమేజీలు (సాఫ్ట్‌వేర్‌ని దానికి కావలసినవాటితో సహా కట్టిన మూటలు), సెంటోస్ 7 అనే పాత డిస్ట్రో, పాత హడూప్, టర్బో సీ అంటూ చాంతాడంత లిస్టు ఇచ్చారు. చివర్లో ఎవరో మ్యాట్‌ల్యాబ్, ఆటోక్యాడ్ "ఫుల్ వెర్షన్లు" కూడా రాశారు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నది మీ ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డిస్కులో ఎంత పడుతుందన్న లెక్క ఆఖర్న వేసుకోవచ్చు. మూల సర్వర్‌లో ఉన్నది ఉన్నట్టుగా, మార్పు లేకుండా, తాజాగా మన దగ్గర ఉంచగలమా, పరీక్షల సెలవుల్లో ఎవరూ పట్టించుకోని రోజుల్లో కూడా ఉంచగలమా అన్నది ముందు చూడాలి. ఉంచలేమనిపిస్తే అది ఎంత చిన్న ప్రాజెక్టైనా వదిలేయండి. మిర్రర్ లేకపోతే పిల్లలు బయటి నుంచి దించుకుంటారు, కాస్త ఆలస్యమవుతుంది, అంతే. సగంలో ఆగిపోయిన మిర్రర్ ఉంటే మాత్రం వాళ్ళ సిస్టమ్‌కి నెలల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్లు అందవు, ఆ సంగతి వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

ఇంతకీ మిర్రర్ నిజంగా కావాలా? ఈ పద్ధతి పుట్టిన రోజుల్లో దేశాల మధ్య లింకులు చాలా సన్నం. 1991 సెప్టెంబరులో లైనక్స్ మొదటి కెర్నల్‌ని ఫిన్లాండ్‌లోని ఫ్యూనెట్ ఎఫ్‌టీపీ సర్వర్‌లో పెట్టారు. దూరదేశాల వాళ్ళు ప్రతిసారీ అక్కడిదాకా వెళ్ళలేక, తమకి దగ్గర్లోని యూనివర్సిటీ సర్వర్లలోకి కాపీ చేసుకునేవారు. ఇప్పుడు పరిస్థితి వేరు. డెబ్.డెబియన్.ఆర్గ్ అన్న పేరు వెనక పెద్ద సీడీఎన్ (ప్రపంచమంతా పరిచిన కాపీ సర్వర్ల వల) ఉంది. హడూప్ లాంటివి విడుదల చేసే అపాచీ ఫౌండేషన్ అయితే 2021లో మిర్రర్ల వ్యవస్థనే పక్కన పెట్టి సీడీఎన్‌కి మారిపోయింది. కాబట్టి బయటి ప్రపంచం మీ మిర్రర్ కోసం ఎదురుచూస్తూ లేదు. అవసరం ఉన్నదల్లా క్యాంపస్ లోపల. సోమవారం పొద్దున ల్యాబ్‌లో అన్ని సిస్టమ్‌లూ ఒక్కసారే అప్‌డేట్ మొదలుపెడితే లింకు మొత్తం నిండిపోయి, అదే సమయానికి ఆఫీసులో ఫీజుల పోర్టల్ తెరుచుకోక గొడవవుతుంది. మీరు తీర్చాల్సిన సమస్య ఇది.

అందుకే లిస్టు రాయకముందు ఒక క్యాష్ సర్వర్ పెట్టండి. ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అని ఉంది, ఒక పూటలో పెట్టేయొచ్చు. మొదటి విద్యార్థి ఒక ప్యాకేజీ దించితే అది సర్వర్‌లో నిలిచిపోతుంది, తర్వాతి వాళ్ళందరికీ అక్కడి నుంచే వెళ్తుంది. రెండు మూడు వారాలు నడిపి లాగ్ తీయండి. ఏ డిస్ట్రో, ఏ వెర్షన్, ఏ ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) ఎంత వెళ్తోందో అందులో కనపడుతుంది. పిల్లలు చెప్పే లిస్టుకీ లాగ్‌కీ పొంతన ఉండదు. నోటితో అందరూ ఆర్చ్ అంటారు. లాగ్‌లో చూస్తే మాత్రం దాదాపు అంతా ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ళ తరబడి అప్‌డేట్లు వచ్చే వెర్షన్), దాని వెనకాల ఐఓటీ ల్యాబ్ వాళ్ళ రాస్‌బెర్రీ పై చిన్న కంప్యూటర్లు.

కొన్ని విషయాల్లో క్యాష్‌తోనే ఆగిపోవడం మంచిది. పైపీఐ అలాంటిదే. దాని మొత్తం సైజు మీ 8 టీబీకి రెట్టింపు దాటి చాలా కాలమైంది, రోజూ పెరుగుతూనే ఉంటుంది. అందులో పెద్ద భాగం జీపీయూ లైబ్రరీల భారీ వీల్ (రెడీగా కట్టిన ప్యాకేజీ) ఫైళ్ళూ, ఎవరూ ముట్టుకోని పాత వెర్షన్లూ. బ్యాండర్‌స్నాచ్ అనే టూల్‌తో ఎంపిక చేసిన ప్యాకేజీలు మాత్రమే తెచ్చుకోవచ్చు కానీ, ఒక ప్యాకేజీకి ఇంకో ప్యాకేజీ కావాలి, దానికి మరొకటి. ఆ గొలుసు ఎక్కడ తెగినా ల్యాబ్ మధ్యలో పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) ఎర్రర్ వస్తుంది, మీకు ఫోన్ వస్తుంది. దానికి బదులు డెవ్‌పీ లాంటి క్యాష్ పెట్టండి, అడిగినదే వస్తుంది, అడిగినదే నిలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. పైపీఐలో దొంగ ప్యాకేజీలు తరచూ దొరుకుతుంటాయి, వాళ్ళు వెంటనే తీసేస్తుంటారు. పూర్తి కాపీ మన దగ్గర ఉంటే ఆ తీసివేతల్ని కూడా మనమే వెంటపడి చేయాలి.

డాకర్ సంగతీ ఇంతే. 2020 నవంబరులో డాకర్ హబ్ (డాకర్ ఇమేజీలు దొరికే సైట్) లాగిన్ లేనివాళ్ళకి ఐపీ అడ్రస్‌ని బట్టి పరిమితి పెట్టింది: ఆరు గంటల్లో 100 పుల్స్ (డౌన్‌లోడ్లు). తర్వాత ఆ అంకెలు మారాయి గానీ పద్ధతి పోలేదు. మీ కాలేజీ మొత్తం బయటికి ఒకటో రెండో ఐపీలతో కనపడుతుంది. క్లౌడ్ ల్యాబ్ రోజున ముందు బెంచీల వాళ్ళకి ఇమేజ్ వస్తుంది, వెనక బెంచీల వాళ్ళకి "టూ మెనీ రిక్వెస్ట్స్" వస్తుంది. తప్పు ఎవరిదీ కాదు. క్యాంపస్‌లో ఒక రిజిస్ట్రీ క్యాష్ పెడితే ఆ టెన్షన్ తీరిపోతుంది. హబ్‌ని మిర్రర్ చేయాలన్న ఆలోచనే రానివ్వకండి.

ఇక పూర్తిగా మిర్రర్ చేయదగినవి. డెబియన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మిర్రర్ నడపడం అంటే ఏమిటో అది నేర్పినంత బాగా ఇంకేదీ నేర్పదు.

డెబియన్ ఆర్కైవ్ మొత్తం కొన్ని టీబీలు. మొత్తం తేవాల్సిన పని లేదు. 2023లో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్‌కి తొమ్మిది ఆర్కిటెక్చర్లు ఉన్నాయి. వాటిలో ఎస్390ఎక్స్ అంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్. మిప్స్, పవర్ మెషీన్లు మీ క్యాంపస్‌లో ఎక్కడా ఉండవు. ఏఎండీ64 (మామూలు పీసీలు, ల్యాప్‌టాప్‌లు) ఉంచండి, ఆర్మ్64 ఉంచండి. రెండోది ఎందుకని చాలామంది అడుగుతారు. రాస్‌బెర్రీ పై 64 బిట్ ఓఎస్ తన సొంత చిన్న ఆర్కైవ్‌తో పాటు డెబియన్ ఆర్మ్64 ఆర్కైవ్‌నే నేరుగా వాడుకుంటుంది. ఐఓటీ ల్యాబ్ ఉన్న కాలేజీకి అది తీసేస్తే మిర్రర్ సగం పనికిరానట్టే. ఐ386 (పాత 32 బిట్ పీసీలు) మాత్రం లాగ్ చూసి నిర్ణయించండి. బుక్‌వార్మ్ తర్వాతి వెర్షన్ ట్రిక్సీ నుంచి డెబియనే దాన్ని మామూలు ఇన్‌స్టాల్‌కి వదిలేసింది.

సోర్స్ (మూల కోడ్) ప్యాకేజీల్ని జాగా కోసం తీసేద్దామనిపిస్తుంది. తీయకండి. జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెండో వెర్షన్ ప్రకారం బైనరీని (నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్‌ని) డౌన్‌లోడ్‌కి పెడితే దాని సోర్స్‌ని కూడా అదే చోట, అంతే సులభంగా దొరికేలా ఉంచడం అన్నిటికంటే తేలికైన మార్గం. మూడో వెర్షన్ కొంచెం వెసులుబాటు ఇచ్చింది, సోర్స్ వేరే సర్వర్‌లో ఉన్నా దారి స్పష్టంగా చూపిస్తే చాలు. కానీ ఆర్కైవ్‌లో ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ కిందికి వస్తుందో ఏరుకుంటూ కూర్చునే ఓపిక ఎవరికుంది? ఆ గొడవంతా లేకుండా సోర్స్ ఉంచేయండి. 2006లో ఉబుంటు మీద కట్టిన మెపిస్ అనే చిన్న డిస్ట్రోకి ఈ విషయంలోనే చిక్కొచ్చింది. మార్చని ప్యాకేజీల సోర్స్ ఉబుంటు దగ్గర ఎలాగూ ఉంది కదా అని వాళ్ళు అనుకున్నారు. అది కుదరదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెప్పింది.

సింక్ చేసే తీరు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఏది పెట్టగలం అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంది. డెబియన్ ఆర్కైవ్ రోజుకి నాలుగుసార్లు మారుతుంది. అందులో రెండు భాగాలు: పూల్ అనే డైరెక్టరీలో అసలు ప్యాకేజీలు, డిస్ట్స్ అనే డైరెక్టరీలో వాటి సూచికలు. మామూలు ఆర్‌సింక్ (సర్వర్ల మధ్య ఫైళ్ళు కాపీ చేసే టూల్) ఒక్కసారి నడిపి వదిలేస్తే అక్షర క్రమంలో డిస్ట్స్ ముందు వస్తుంది. అంటే కొత్త సూచిక వచ్చేసింది, అది చెప్పే ప్యాకేజీలు ఇంకా దారిలో ఉన్నాయి. ఆ మధ్యలో ఎవరైనా అప్‌డేట్ కొడితే 404 (ఫైల్ లేదు) వస్తుంది, లేదా "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" అని వస్తుంది. పిల్లలు తమ ల్యాప్‌టాప్ పాడైందనుకుని ఓఎస్ మళ్ళీ ఎక్కిస్తారు. అందుకే డెబియన్ వాళ్ళే ఎఫ్‌టీపీసింక్ అనే స్క్రిప్ట్ ఇస్తారు. అది మొదటి విడతలో కొత్త ప్యాకేజీలు తెస్తుంది, ఏదీ చెరపదు. రెండో విడతలో సూచికలు మారుస్తుంది, పాతవి చెరిపేస్తుంది. ఏ డిస్ట్రో అయినా వాళ్ళు ఇచ్చిన సింక్ స్క్రిప్ట్ ఉంటే అదే వాడండి, సొంత తెలివి వద్దు. క్రాన్ (చెప్పిన సమయానికి పని నడిపే టూల్) టైమ్ కూడా సరిగ్గా గంట కొట్టేటప్పుడు పెట్టకండి, ప్రపంచమంతా అదే నిమిషానికి మూల సర్వర్ మీద పడుతుంది.

ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ గురించి ఒక హెచ్చరిక. అది లేకపోతే తీసేసిన ప్యాకేజీలు మన దగ్గర శాశ్వతంగా మిగిలిపోతాయి, డిస్కు నిండుతుంది. అది ఉంటే, మీరు ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకుంటున్నారో ఆ సర్వర్‌లో ఒక రోజు డిస్కు మౌంట్ కాక ఖాళీ డైరెక్టరీ కనపడిందనుకోండి, మీది కూడా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మ్యాక్స్-డిలీట్ అని ఇంకో ఆప్షన్ ఉంది. ఒక హద్దు దాటి చెరపవలసి వస్తే ఆగిపోతుంది, మీకు మెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు. రెండూ కలిపే వాడండి.

ఉబుంటు తేలిక. దాని ప్రధాన ఆర్కైవ్‌లో ముఖ్యంగా ఏఎండీ64, ఐ386 ఉంటాయి, మిగతావి చాలావరకు పోర్ట్స్ అనే వేరే సర్వర్‌లో. దీన్ని పెట్టండి, మీ ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం ఇదే అవుతుంది. ఐఎస్‌ఓలు (ఓఎస్ ఎక్కించే డిస్క్ ఫైళ్ళు) వేరే సర్వర్ నుంచి వస్తాయి. తాజా రెండు ఎల్‌టీఎస్‌లు ఉంచితే చాలు.

ఏ డిస్ట్రో అయినా సెక్యూరిటీ అప్‌డేట్ల లైన్‌ని మాత్రం మీ మిర్రర్ వైపు తిప్పకండి, మూల సర్వర్‌కే వదిలేయండి. ఉబుంటు మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే ఆ లైన్ ఎలాగూ వాళ్ళ సెక్యూరిటీ సర్వర్‌కే ఉంటుంది. సెక్యూరిటీ ఆర్కైవ్‌ని అందరూ మిర్రర్ చేయడాన్ని డెబియన్ కూడా ప్రోత్సహించదు. మనం గంటలు ఆలస్యంగా సింక్ అవుతాం, ప్యాచ్‌కి ఆ గంటలే ముఖ్యం. సైజు కూడా చిన్నదే కాబట్టి లింకు మీద భారం పడదు.

ఫెడోరా, ఆర్చ్ లాగ్‌ని బట్టి పెట్టుకోవచ్చు. ఫెడోరా ఒక్కో రిలీజ్‌కి ఆయుష్షు దాదాపు 13 నెలలే. మీ సర్వర్లలో సెంటోస్ స్థానంలో వచ్చిన ఆల్మా గానీ రాకీ గానీ ఉంటే ఫెడోరా కంటే ఈపెల్ (వాటికి అదనపు ప్యాకేజీల ఆర్కైవ్) మీకు ఎక్కువ ఉపయోగం. ఆర్చ్ సైజు చిన్నదే కానీ క్రమశిక్షణ ఎక్కువ అడుగుతుంది. అక్కడ సగం అప్‌గ్రేడ్ (కొన్ని ప్యాకేజీల్ని మాత్రమే కొత్తవి చేయడం) అనేది ఒప్పుకోరు, రోజులు వెనకబడ్డ మిర్రర్ నేరుగా పిల్లల సిస్టమ్‌లని చెడగొడుతుంది. దాన్ని రోజూ చూసే మనిషి ఉంటేనే ఒప్పుకోండి.

ఎవరూ అడగనివి రెండు చేర్చండి: సీర్యాన్, సీట్యాన్. మొదటిది ఆర్ భాష ప్యాకేజీలది, కొన్ని వందల జీబీ. రెండోది పత్రాలు కూర్చే టెక్, లేటెక్‌లది, ఇంకా చిన్నది. ఎంబీఏ, గణాంకాల వాళ్ళకి మొదటిది, థీసిస్ రాసే ప్రతివాళ్ళకీ రెండోది పనికొస్తాయి. టెక్ లైవ్ మొత్తం ఇన్‌స్టాల్ చేయడానికి హాస్టల్ వైఫైలో రాత్రంతా పట్టే పని క్యాంపస్ మిర్రర్ నుంచి నిమిషాల్లో అయిపోతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అంటే ఇవే.

ఇప్పుడు పెట్టే హక్కు సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఉచితంగా దించుకోవచ్చు అన్నంత మాత్రాన మనం పంచిపెట్టవచ్చని కాదు. అనకొండ దీనికి మంచి ఉదాహరణ. చైనాలో చింగ్‌హువా యూనివర్సిటీ విద్యార్థులు నడిపే ట్యూనా అనే పెద్ద మిర్రర్ ఉంది. 2019 ఏప్రిల్‌లో వాళ్ళు తమకి అనుమతి లేదని తెలుసుకుని అనకొండ కాపీని ఆపేశారు, తర్వాత కంపెనీ నుంచి అనుమతి తెచ్చుకున్నాకే మళ్ళీ పెట్టారు. అంత పెద్దవాళ్ళే అడిగి పెట్టారంటే మనం అడగకుండా పెట్టడం ఏం బాగుంటుంది? పైగా 2020 నుంచి అనకొండ వాడకం నిబంధనలు కూడా బిగించారు. ల్యాబ్ అవసరాలకి కాండా-ఫోర్జ్ అనే వాలంటీర్ల ప్యాకేజీ ఛానెల్‌తో వచ్చే మినీఫోర్జ్ ఇన్‌స్టాలర్ సరిపోతుంది, అది నేర్పండి.

జావాది ఇంకో రకం కథ. జావాని తయారుచేసిన సన్ కంపెనీ కాలంలో డిస్ట్రోలు జావాని ప్యాకేజీగా పంచడానికి ప్రత్యేక లైసెన్సు ఉండేది. సన్‌ని కొన్న ఒరాకిల్ 2011లో దాన్ని ఉపసంహరించుకుంది, డిస్ట్రోలు ఆ ప్యాకేజీలని తీసేయాల్సి వచ్చింది. నిన్నటిదాకా పెట్టినది ఇవాళ పెట్టకూడనిది కావచ్చు. డిస్ట్రో ఆర్కైవ్‌ని ఉన్నదున్నట్టు మిర్రర్ చేస్తే ఈ తలనొప్పిని వాళ్ళే మోస్తారు. మీరు విడిగా ఒక ఇన్‌స్టాలర్ తెచ్చి పెట్టారంటే ఆ బరువు మీ నెత్తిన పడుతుంది. అందుకే విడి ఫైళ్ళ ఫోల్డర్ ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది.

టర్బో సీ గురించి కూడా ఇదే మాట. మన దగ్గర ల్యాబుల్లో డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రామ్‌లు నడిపే టూల్) వేసి నీలం స్క్రీన్ టర్బో సీ++ 3.0 నడపడం ఇంకా పోలేదు. దాన్ని తయారుచేసిన బోర్లాండ్ తన పాత సరుకుల మ్యూజియంలో టర్బో సీ 2.01, టర్బో సీ++ 1.01 ఉచితంగా దించుకోనిచ్చింది. ఆ జాబితాలో 3.0 లేదు. పెన్‌డ్రైవ్‌ల్లో తిరిగే కాపీకి ఏ అనుమతీ లేదు. జీసీసీ అనే ఉచిత కంపైలర్‌తో కోడ్‌బ్లాక్స్ ఎడిటర్ పెట్టి, ల్యాబ్ మాన్యువల్‌లో వాయిడ్ మెయిన్, కోనియో.హెచ్ లాంటి పాత టర్బో సీ అలవాట్లు తీయించడం మిర్రర్ పని కాదు, కానీ మీరు చేయించగలిగితే పుణ్యం.

"ఫుల్ వెర్షన్ల" గురించి ఎక్కువ చెప్పను. కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి సాఫ్ట్‌వేర్ వాడితేనే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పడే అవకాశం ఉంది. కాలేజీ పేరుతో ఉన్న సర్వర్ నుంచి పంచిపెట్టడం అంతకంటే పెద్ద తలనొప్పి. ఇంకో జాగ్రత్త: పిల్లలు ఫైళ్ళు ఎక్కించుకునే ఫోల్డర్‌ని మిర్రర్ సర్వర్‌లో అసలు పెట్టకండి. పాత ఎఫ్‌టీపీ రోజుల్లో అందరూ రాయగలిగే ఇన్‌కమింగ్ డైరెక్టరీ ఎక్కడ ఉంటే అక్కడ దొంగ సాఫ్ట్‌వేర్ తెల్లారేసరికి చేరిపోయేది. ప్రాజెక్టు ఫైళ్ళకి వేరే సర్వర్ చూడండి.

పాత వెర్షన్ల విషయంలో నాకే రెండు మనసులు. సెంటోస్ 7 ఆయుష్షు 2024 జూన్ 30న తీరింది, మిర్రర్‌లిస్ట్ సర్వర్ పేరు కూడా పని చేయడం మానేసింది, "కుడ్ నాట్ రిసాల్వ్ హోస్ట్" అని దాని ప్యాకేజీ టూల్ యమ్ మొత్తుకుంటుంది. ప్యాకేజీలన్నీ పాతవి దాచే వాల్ట్ సర్వర్‌కి వెళ్ళాయి. హడూప్ సంగతి కూడా పిల్లలకి బాగా తెలుసు: యూట్యూబ్ పాఠంలో లింకు కొడితే 404. అపాచీ తాజా రిలీజ్‌లని మాత్రమే డౌన్‌లోడ్ సర్వర్లలో ఉంచుతుంది, పాతవన్నీ ఆర్కైవ్.అపాచీ.ఆర్గ్‌లో ఉంటాయి. అంటే ఇవి ఎక్కడో పోలేదు, చోటు మారాయి. దారి చూపిస్తే చాలు, కాపీ అక్కర్లేదు.

అలాగని పాతవి ఉంచడం వృథా అని మాత్రం అనను. అమెరికాలో సిమ్టెల్20 అని ఒక సైనిక స్థావరంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ఆర్కైవ్ ఉండేది. 1993లో దాన్ని మూసేస్తే, అప్పటికే కాపీ చేసి పెట్టుకున్న మిర్రర్ల వల్లే ఆ సరుకు నిలిచింది. మూలం పోయినప్పుడు కాపీయే మూలమవుతుంది. కాబట్టి ఎక్కడా దొరకని, పంచే హక్కున్న దాన్ని మీరు కాపాడుతున్నారంటే, అందులోనూ మీ ల్యాబ్‌లో నిజంగా వాడేదైతే, ఉంచండి. ఆర్కైవ్ అని వేరే డైరెక్టరీ చేయండి, క్యాంపస్ లోపలికే కనపడనివ్వండి, దీనికి అప్‌డేట్లు ఏ తేదీతో ఆగాయో పైన ఒక ఫైల్‌లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. మామూలు మిర్రర్ డైరెక్టరీల్లో కలిపేయకండి.

మార్పులు చేయకూడదన్న నియమం గురించి ఒక మాట. ఎవరో ఒకరు అంటారు, ఉబుంటు ఐఎస్‌ఓలో మన కాలేజీ వాల్‌పేపర్, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ చేర్చి పెడదామని. చేసుకోండి, కానీ వేరే పేరుతో, వేరే చోట. 2015లో సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైట్ మీద జనానికి నమ్మకం పోయింది ఇందుకే. ఫోటోలు దిద్దే గింప్ ప్రాజెక్టు అక్కడి నుంచి వెళ్ళిపోయాక కూడా ఆ పేజీని సోర్స్‌ఫోర్జ్ వాళ్ళే నడుపుతూ, విండోస్ ఇన్‌స్టాలర్‌కి ప్రకటనల సరుకు జోడించి ఇచ్చారు. మరుసటి ఏడాది యాజమాన్యం మారాక ఆ కార్యక్రమం ఆపేశారు. ఒక్క బిట్ మారినా అది మిర్రర్ కాదు.

మిర్రర్ నుంచి దించినదాన్ని ఎలా నమ్మాలో కూడా పిల్లలకి చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ వెబ్‌సైట్‌ని హ్యాక్ చేసి ఐఎస్‌ఓ లింకుని దొంగ ఫైల్‌కి తిప్పారు. మిర్రర్లు బాగానే ఉన్నాయి, పాడైంది వెబ్‌సైట్. 2017 మేలో దానికి తలకిందులుగా వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ రెండు డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాన్ని పట్టుకుని మ్యాక్ ఫైల్‌ని మార్చేశారు. నాలుగైదు రోజుల పాటు దించుకున్నవాళ్ళకి మంచిది వచ్చిందా చెడ్డది వచ్చిందా అన్నది అదృష్టం మీద నడిచింది. అందుకే చెక్‌సమ్‌నీ (ఫైల్ మారలేదని సరిచూసే అంకె) డిజిటల్ సంతకం కీనీ ఎప్పుడూ అసలు ప్రాజెక్టు సైట్ నుంచే తీసుకోవాలి, మిర్రర్ నుంచి కాదు. అపాచీ వాళ్ళు దీన్ని నియమంగానే పెట్టారు.

సంతకం సరిగ్గా ఉన్నా అంతా బాగున్నట్టు కాదు. 2024 మార్చిలో ఫైళ్ళు కుదించే ఎక్స్‌జెడ్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ అనే ఇంకా తయారవుతున్న వెర్షన్లలోకి అది సక్రమమైన సంతకాలతోనే చేరిపోయింది, మిర్రర్లన్నీ నమ్మకంగా పంచాయి. డెబియన్ వెనక్కి తిప్పుతూ విడుదల చేసిన ప్యాకేజీ వెర్షన్ "5.6.1+రియల్లీ5.4.5". పైకి పెద్ద నంబరు చూపిస్తూ లోపల పాతదే పెట్టారు, లేకపోతే డెబియన్ ప్యాకేజీ టూల్ ఆప్ట్ దాన్ని అప్‌డేట్ అనుకోదు. అలాంటి వారంలో సింక్ ఆగిపోయిన మిర్రర్ ఏం పంచుతూ ఉంటుందో ఊహించుకోండి. డెబియన్ సూచికల్లో కొన్నింటికి గడువు తేదీ ఉంటుంది, అది దాటితే ఆప్ట్ ఒప్పుకోదు. అన్ని డిస్ట్రోలకీ ఆ రక్షణ లేదు. చివరి సింక్ ఒక రోజు కంటే పాతదైతే మీకు మెయిల్ వచ్చేలా, మూడు రోజులు దాటితే ఆ డైరెక్టరీ తనంతట తానే 503 (సేవ అందుబాటులో లేదు) చూపించేలా పెట్టండి. పాతది ఇవ్వడం కంటే ఏమీ ఇవ్వకపోవడం మేలు.

ప్రిన్సిపాల్ గారు బహుశా అధికారిక మిర్రర్ల జాబితాలో కాలేజీ పేరు చూడాలనుకుంటారు. తొందరపడకండి. 2008లో అరిజోనా యూనివర్సిటీ పరిశోధకులు అద్దె సర్వర్, లేని కంపెనీ పేరు, లేని అడ్మిన్ పేరుతో దరఖాస్తు చేసి, ప్రయత్నించిన ప్రతి డిస్ట్రో జాబితాలోకీ ఎక్కేశారు. వేల కంప్యూటర్లు వాళ్ళ దగ్గరికి అప్‌డేట్ల కోసం వచ్చాయి, వాటిలో సైన్యానివీ ఉన్నాయి. జాబితాలోకి ఎక్కడం అంత సులువు, ఆ తర్వాత మీరు చూడని వేలమంది మీ మీద ఆధారపడతారు. ఒక ఏడాది క్యాంపస్‌కే నడిపి చూడండి. ఫెడోరా పెడితే దానికి చక్కటి సదుపాయం ఉంది: వాళ్ళ మిర్రర్ల జాబితా నడిపే మిర్రర్‌మేనేజర్‌లో ప్రైవేట్ మిర్రర్‌గా నమోదై మీ ఐపీ శ్రేణి ఇస్తే, క్యాంపస్ లోపలి సిస్టమ్‌లు ఏ సెట్టింగూ మార్చకుండానే మీ దగ్గరికి వస్తాయి, బయటివాళ్ళు రారు.

8 టీబీలో నేనైతే ఇలా సర్దుతాను. ఉబుంటు ఆర్కైవ్, రెండు ఎల్‌టీఎస్ ఐఎస్‌ఓలు, డెబియన్ రెండు ఆర్కిటెక్చర్లు సోర్స్‌తో సహా, సీర్యాన్, సీట్యాన్. ఆ పైన పైపీఐకీ డాకర్‌కీ క్యాష్‌ల కోసం ఒక టీబీ. మిగిలింది ఖాళీగా ఉంచుతాను. కొత్త రిలీజ్ వచ్చిన వారంలో పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి, అప్పుడు డిస్కు నిండితే సింక్ మధ్యలో ఆగుతుంది. ఖాళీ చూసి ఇంకో డిస్ట్రో చేర్చమని ఎవరన్నా లాగ్ చూపించి వద్దనండి.

ఇంకొకటి, ఇది సాఫ్ట్‌వేర్ విషయం కాదు. ఇలాంటి సర్వర్లని మన దగ్గర ఉత్సాహం ఉన్న ఫైనల్ ఇయర్ కుర్రాళ్ళు పెడతారు, మేలో వాళ్ళు వెళ్ళిపోతారు, పాస్‌వర్డ్ కూడా వాళ్ళతోనే వెళ్ళిపోతుంది. సంప్రదించే మెయిల్ ఎవరి సొంతదీ కాకుండా మిర్రర్ పేరుతోనే ఉండాలి, అది కనీసం ఒక పర్మనెంట్ ఉద్యోగికి రావాలి. ప్రతి ఏడాది సెకండ్ ఇయర్ నుంచి ఇద్దరిని తీసుకుని డెబియన్ సింక్ వాళ్ళ చేత మొదటి నుంచి ఒకసారి చేయించండి. ఆ ఇద్దరూ దొరకని ఏడాది లిస్టులోంచి ఒక డిస్ట్రో తగ్గించండి.

క్యాష్ లాగ్ వచ్చాక దాన్ని ఇక్కడ పెట్టండి, ఐపీలు తీసేసి. ఫెడోరా, ఐ386ల సంగతి అప్పుడు తేలుద్దాం.